అంచు నేసిన చేయి

మొన్న హిందూపురంలో మా ఇంటికి, మనవరాలికి మాట అనుకున్న అబ్బాయి భోజనానికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ తన ఉద్యోగం, తన కారు, తన తెలివితేటలు చెబుతుంటే మేమూ ముచ్చటపడి విన్నాం, కానీ మా పిల్లకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిందని కోడలు సంబరంగా చెప్పేసరికి మొహం మాడ్చుకుని, పాయసం ముట్టకుండానే వెళ్ళిపోయాడు. పిల్ల వంటింట్లో నా పక్కన చేరి, తప్పు తనదేనేమో, ఆ మాట ఎత్తకుండా ఉండాల్సిందేమో అంటూ ఫోనులో సారీ కొట్టడం మొదలుపెట్టింది. అయ్యో తల్లీ, ఈ మాట ధర్మవరంలో మా పుట్టింట్లో ఎన్నిసార్లు వినలేదు నేను!

మా చిన్నాయన అంటే పిల్లలందరికీ ప్రాణం. పెనుకొండ కోట చూపిస్తానని బస్సెక్కించి, దారిపొడుగునా కథలు చెప్పి నవ్వించేవాడు, ఆ కథలన్నిటిలోనూ మొనగాడు తానేనన్న సంగతి పెద్దయ్యాక గానీ మాకు తట్టలేదు. పట్టుచీర నేతకు ఇద్దరు కావాలి కదా, చిన్నాయన చీర నేస్తుంటే పక్కన కూర్చుని అంచు నేసేది మా చిన్నమ్మ. అయితే చీరలు కొనే షావుకారు వస్తున్నాడంటే చాలు, కాఫీ పెట్టమని ఆమెను మగ్గం దగ్గర నుంచి లేపేసేవాడు. వచ్చినవాళ్ళ కంటికి తానొక్కడే కనబడాలి మరి.

ఒకసారి షావుకారు చెప్పకుండా వచ్చి, ఆమె పని కళ్ళారా చూసి, చీరకు అందమంతా ఈ అంచులోనే ఉందని మెచ్చుకున్నాడు. అంతే, చిన్నాయన అలకపాన్పు ఎక్కాడు. అన్నం లేదు, మాట లేదు. పిచ్చితల్లి చిన్నమ్మ కంచం పట్టుకుని, తప్పైపోయిందని గుమ్మంలో ఏడుస్తూ నిలబడితే, మా అవ్వ, అంటే ఆయన్ను కన్నతల్లే, వచ్చి ఆ కంచం లాక్కుంది.

"ఏం తప్పు చేసినావని ఏడుస్తాండావే? ఆకలైతే వాడే వస్తాడు, నువ్వు కూచోని తిను. నా కొడుకు బంగారమే, కానీ ఇంకొగరిని మెచ్చుకుంటే ఓర్చుకోలేడు. అది వాని రోగం, నీ తప్పు గాదు."

చిన్నమ్మ ఆ పూట తిన్నది. ఆ తర్వాత ఏ షావుకారు వచ్చినా మగ్గం దగ్గర నుంచి లేవలేదు. చిన్నాయన మారలేదు, చివరిదాకా అలుగుతూనే ఉన్నాడు, కానీ ఆమె మళ్ళీ క్షమాపణ అడగలేదు. ఇద్దరినీ తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్ళు చెమరుస్తాయి.

మన కాలంలో ఇలాంటి గుణానికి పేరు లేదు. ఇప్పుడు ఇంగ్లీషులో ఏదో పెద్ద పేరే ఉందట, తన స్నేహితురాలి మొగుణ్ణి గురించి చెబుతూ ఆ పేరు నాకు నేర్పింది ఈ మనవరాలే. నేర్పిన పిల్లే సారీ కొడుతోంది, చూడండి! ఫోను లాక్కుని పక్కన పెట్టి, ఆ అబ్బాయి వదిలేసిన పాయసం గిన్నె దాని చేతిలో పెట్టాను.

అవ్వ ఆ మాట చెప్పేనాటికే చిన్నమ్మకు తల నెరిసిపోయింది. మా పిల్లకు ఇంకా ముహూర్తం పెట్టలేదు.