ఆపి చూపించమన్నారు

నా పేరుతో అచ్చయిన వ్యాసం ఒకటే ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. మెచ్చుకున్నవాళ్ల మీద కాదు, నా మీదే.

నారాయణఖేడ్ బస్ డిపో వెనక వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని, ఆటిజం ఉన్న పిల్లలకు నేర్పుతుంటాను. పిల్ల ఏ పని ఎందుకు చేస్తోందో గమనించడం, దాని బదులు పనికొచ్చే ఇంకో అలవాటు నేర్పడం, రోజూ ఎన్నిసార్లో రాసుకుని గీత గీసి చూసుకోవడం, ఇదే మా పని. చదువుకున్నవాళ్లు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ అంటారు. కంగ్టి వైపు నుంచి కూతురిని తీసుకొచ్చే ఒక తల్లి మాత్రం "కార్డుల బడి" అనేది. ఆ పేరే నాకు నచ్చేది.

ఆమె కూతురికి ఏడేళ్లు. ఒక్క మాట రాదు. దాహమేసినా, ఆకలేసినా, బయటికి వెళ్లాలనిపించినా మణికట్టు కొరుక్కునేది. అక్కడ చర్మం కాయకట్టి నల్లబడింది. నేను నీళ్ల గ్లాసు, జొన్నరొట్టె, వాకిలి ఫొటోలు తీసి అట్టముక్కలకు అంటించాను. ఏది కావాలంటే ఆ కార్డు అమ్మ చేతిలో పెట్టాలి, పెట్టగానే అది దొరకాలి. నేర్పడానికి రెండు నెలలు పట్టింది. తర్వాత కొరకడం తగ్గుతూ తగ్గుతూ, అసలే లేని రోజులు కూడా వచ్చాయి. ఒకరోజు తల్లి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోంచే చెప్పింది.

"మేడం, నిన్న మా ఆడిబిడ్డ ఇంటికొస్తే ఆమె చేతుల నీళ్ల కార్డు వెట్టింది. ఆమెకేం సమజ్ గాలె. నేనైతే ఏడ్చిన."

ఈ సంగతి రాయాలనుకున్నాను. చిన్న ఊళ్లలో పిల్లలతో పనిచేసేవాళ్లకు అక్కరకొచ్చేవి ఎవరూ రాయరని నాకు ఎప్పటినుంచో కోపం. అలాంటి అనుభవాలు వేసే పత్రిక ఒకటుంటే పంపాను. చదివిన పరిశీలకులు జవాబు రాశారు. పని బాగుంది, కానీ మార్పు కార్డుల వల్లే వచ్చిందని ఎలా నమ్మాలి? వీలైతే కొన్నాళ్లు కార్డులు ఆపి, మళ్లీ ఇచ్చి చూపించగలరా? ఇది మా శాస్త్రంలో ఉన్న పద్ధతే. ఆపితే పాత అలవాటు తిరిగి రావాలి, ఇస్తే పోవాలి, అప్పుడే రుజువు. 'వీలైతే' అన్న మాటను మాత్రం నేను చదివీ చదవనట్టు వదిలేశాను.

తల్లికి చెప్పాను. "ఒక్క వారమే చెల్లె. సోమవారం మళ్ల ఇచ్చేస్త."

"మంచిగ నడుస్తుంటే బంద్ వెట్టుడెందుకు మేడం?"

"పుస్తకంల ఏస్తరు. చదివినోళ్లు వేరే పిల్లలకు గూడ నేర్పుతరు."

ఆమె కూతురి వంక చూసింది. "వేరే పిల్లలకంటే సరే తియ్," అని కార్డులు నా చేతిలో పెట్టింది. ఇంట్లో ఇంకో జత ఉంటే మర్నాడు అదీ తెచ్చిచ్చింది.

మొదటిరోజు పిల్ల తన ఖాళీ చెయ్యి తల్లి చేతిలో పెట్టింది. రెండోరోజూ పెట్టింది. మూడోరోజు కొరుక్కుంది. శనివారానికి కొరకడం గీత కార్డులకు ముందు ఎంత ఎత్తున ఉండేదో అంతకే చేరింది. దాచడమెందుకు, ఆ సాయంత్రం ఆ గీత చూసి నేను సంతోషపడ్డాను. ఎంత స్పష్టంగా వచ్చిందో అనుకున్నాను.

సోమవారం వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. బుధవారం ఆటో ఎక్కి వాళ్ల ఊరు వెళ్లాను. ఇంటికి తాళం ఉంది.

"మేస్త్రీ జల్దీ రమ్మని ఐతారం ఫోన్ జేసిండు," అంది పక్కింటి ముసలమ్మ. "పట్నంల బిల్డింగు పనికి పొయిన్రు. యాడనో ఏమెరుక?"

ఆ ఏడు వానల్లేక కంది చేలు ఎండిపోయాయి. అలాంటి ఏడు సగం ఊరు పని వెతుక్కుంటూ పోతుందని ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. రెండు జతల కార్డులూ నా బీరువాలో ఉండిపోయాయి.

'కుటుంబం వలస వెళ్లినందున కార్డులు తిరిగి ఇచ్చే దశ జరగలేదు' అని వ్యాసంలో ఒక్క వాక్యం చేర్చాను. పత్రికవాళ్లు ఒప్పుకుని వేశారు.

ఏడాది దాటాక, రేషన్ కార్డు పని మీద ఖేడ్ వచ్చిన ఆ తల్లి నా గదికి వచ్చింది. పక్కన కూతురు ఉంది. మణికట్టుకు గుడ్డ చుట్టి ఉంది. నేను గబగబా కార్డులు తీసి పిల్ల ముందు పెట్టాను. పిల్ల వాటివైపు చూడలేదు. నీళ్ల కార్డు చేతికిస్తే జారవిడిచింది.

"పొద్దంత పనికి వోతుంటి మేడం," అంది తల్లి. "కార్డులుంటే కూలోళ్ల షెడ్డుల పక్కోళ్లకైన సమజైతుండె. కొరుక్కోకుంట చెయ్యికి గుడ్డ గట్టి పోతుంటి."

తప్పు నాదేనని చెప్పాలని నోరు తెరిచాను. ఈలోపు ఆమే అడిగింది.

"పుస్తకంల వడ్డదా మేడం?"

"పడ్డది."

"చదివిన్రా మరి? వేరే పిల్లలకు నేర్పుతుండ్రా?"

నాకు తెలియదు. నేర్పుతున్నామని ఒక్కరు కూడా నాకు రాయలేదు. అయినా, నేర్పుతున్నారన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కూతురి నెత్తి నిమిరి, "గట్లయితే మంచిదే తియ్," అంది. "మా పిల్ల గోస ఊకెనే పోలె."