ఉప్పుకుండల దొరికిన సముద్రం

కట్టంగూరుకు సముద్రం ఎంత దూరమో నాకు తెల్వదు. కాని మొన్న సెలవులల్ల అది మా ఉప్పుకుండ దాక వచ్చింది. వచ్చినదాన్ని నేనేం చేసిన్నో చెప్తే, నన్ను డిబేట్లకు పంపే కాలేజీ సుత సిగ్గుపడుతది.

నల్లగొండ కాలేజీల మా జువాలజీ సారుది బందరు. సెలవులకు ముందు ఆయన అన్నడు: "తలా ఒక జీవిని తెచ్చి, అదేమిటో, ఎక్కడ బతుకుతుందో చెప్పండి. సరిగ్గా చెప్పినవాళ్లను బందరు తీరానికి తీసుకెళ్తాను." ఆ దినం పాఠంల ఒక చిత్రమైన ప్రాణి గురించి చెప్పిండు. రొయ్యకు చుట్టమట. సముద్రపొడ్డు బురదల ఇసుకతోని సన్నటి గొట్టం కట్టుకొని అండ్లనే కాపురముంటదట. మీసాలు మాత్రం బయట.

నా పక్కన కూసునే విశాలది సుత బందరే. "మీ ఊళ్లో రాళ్లు తప్ప ఏముంటాయే?" అన్నది.

"ఆ గొట్టం ప్రాణినే తెస్త, సూడు" అన్న. అన్నంక భయమైంది. సముద్రం సూడాలని చిన్నప్పటి సంది ఆశ. నోరుజారి అది సుత పోగొట్టుకుంటి.

ఇంటికాడ అవ్వ చాటల దొడ్డుప్పు పోసుకొని ఏరుతున్నది. తిరుమలగిరి అంగట్ల కొన్న ఉప్పు. అండ్ల గోరంత ఇసుక గొట్టం. కొసకు రెండు మీసాలు. ఉప్పు ఎక్కడి నుంచి వస్తది? సముద్రం నుంచి. ఇంకేం గావాలె? మెత్తబడుతదని ముంతల వాగునీళ్లు పోసి అండ్లేసిన.

తెల్లారి చూస్తే గొట్టం నడుస్తున్నది.

ఉప్పుల ఎండిన ప్రాణి ఎట్ల లేచింది? పైగా ముంత అడుగున ఇంకో గొట్టం, కదలకుంట. నాకు బుర్ర తిరిగింది. అంగీ ఇడిసినట్టు పాత గొట్టం ఇడిసి కొత్తది కట్టుకున్నదేమోనని తీర్మానం చేసిన.

"సముద్రపుదంటివి, జర ఉప్పెయ్యి బిడ్డా" అన్నది అవ్వ. పిడికెడేసిన. అది ముడుసుకొని లోపలికి పోయింది. సముద్రపు ప్రాణికి ఉప్పు పడదా? ఉప్పుల పడి పడి దానికి మొహం మొత్తిందేమో అనుకొని, మంచి వాగునీళ్లున్న సీసాల ఏసిన. మళ్ల నడిసింది. పాత గొట్టాన్ని ముంతలనే ఇడిసి, పప్పన్నం తిని బస్సెక్కిన. పప్పుల ఇసుక కరకరమన్నది. "ఉప్పు సరిపోయింది గని, పప్పు కడగలేదా అవ్వా?" అంటే, "తొందరల ఉన్నవు, మింగు" అన్నది.

క్లాసుల బల్ల మీద సీసా పెట్టి ఉపన్యాసం ఇచ్చిన. సముద్రానికి కట్టంగూరు పరాయిది కాదన్న. విశాల దిక్కే చూసుకుంట ముగించిన. సారు భూతద్దం పెట్టి చూసిండు.

"కాళ్లు మూడు జతలే ఉన్నాయమ్మాయ్. ఇది మీ వాగులో ఉండే పురుగు పిల్ల. ఇదీ ఇసుక గొట్టం కట్టుకుంటుంది. పెద్దదైతే రెక్కలొచ్చి ఎగిరిపోతుంది."

"ఉప్పుల దొరికింది సార్."

"నీళ్లెక్కడివి?"

"వాగుయి."

"అయితే ఇది నీళ్లతో వచ్చింది. ఉప్పులో దొరికింది వేరే ఉండాలి. అదేదీ?"

ముంతల ఇడిసిన గొట్టం యాదికొచ్చింది. శనివారం ఇంటికి ఉరికిన. పొయ్యికాడ ముంత తోమి బోర్లించి ఉన్నది.

"అవ్వా, గిండ్ల నీళ్లేవి?"

"ఉప్పునీళ్లు ఎవలన్న పారబోస్తరా? పప్పుల పోసిన. ఉప్పు సరిపోయిందని నువ్వే అంటివి గద."

సోమవారం సారు అడిగిండు. "తిన్న సార్" అన్న.

విశాల పుస్తకం తీసింది. "నివాసం ఏమని రాయాలి సార్? కట్టంగూరా, కడుపా?"

సారు నవ్వాపుకోలేక కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. "అసలైనది దొరికిందే నీకొక్కదానికి. పేరైనా తెలుసుకోకుండా తినేశావు. బందరొచ్చి దాని చుట్టాలను చూద్దువుగాని. ఒక్క షరతు. అక్కడున్నంతసేపూ నోరు తెరవకూడదు."

సముద్రం సూడవోతున్న. డిబేట్లల్ల అందరి నోళ్లు మూయించినదాన్ని, నా నోరు మూసుకునుడు ఎట్లనో ఇయ్యాల్టి సంది నేర్చుకుంటున్న.