నలక తీసే కనకవ్వ

మమతారాణికి, అంటే నాకు, కోపం ముక్కు మీదే ఉంటుందని మా కరీంనగర్ కంటి ఆసుపత్రిలో అందరూ అంటారు. నిజమే. పదకొండేళ్లుగా ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చుంటున్న నేను, కనకవ్వ మీద మొదటిరోజే తాడెత్తున లేచాను.

కనకవ్వది మంచిర్యాల దగ్గరి పల్లె. కంట్లో నలక పడితే నలభై ఏళ్లుగా ఊరంతా ఆమె గడపకే పోతుంది. వాకిట్లో నీళ్లు నిలవుంచే గోలెంలోంచి గుక్కెడు తీసుకుని పుక్కిలించి, రెప్ప విప్పి, నాలుక కొసతో నలక తీస్తుంది. చెయ్యి పెట్టదు, నొప్పి తెలియదు.

వరికోతల్లో ముత్యం అనే రైతు కంట్లో పొట్టు పడితే ఆమే తీసింది. వారం తిరక్కుండా కన్ను ఎర్రబడి పోటు మొదలైంది. మా దగ్గరికి వచ్చేసరికి వెలుతురు ఓర్చుకోలేక తువ్వాల కప్పుకుని ఉన్నాడు. డాక్టరమ్మ కోమల నల్లగుడ్డు మీద కాస్త గీకి, ఆ పొరను ల్యాబుకు పంపింది. నేను చూసి, ఏ క్రిమీ కనబడలేదని రాసిచ్చాను. వైరస్ అనుకుని మందు వేశారు. మూడు వారాలైనా పోటు తగ్గలేదు. కన్ను పోతుందేమోనని డాక్టరమ్మకే భయం పట్టుకుంది.

"కంట్లో ఏమన్న నీళ్లు పడ్డయా?" అని డాక్టరమ్మ ఎన్నిసార్లు అడిగినా ముత్యం లేదనేవాడు. కనకవ్వకు చెడ్డపేరు తేవడం అతనికి ఇష్టం లేదు.

అతని భార్య నోట సంగతి విని కనకవ్వే బస్సెక్కి వచ్చింది. వరండాలో అందరి ముందు, ముత్యం పక్కన నిలబడింది.

"నలక నేనే తీసిన మేడం. గోలెం నీళ్లు పుక్కిలించి తీసిన. గా గోలెం కడగక శాన దినాలైంది. తప్పు నాదే."

"కంట్లో నాలుక పెడ్తరా ఎవలన్న? కన్ను పోతే నువ్విస్తవా?" అన్నాను నేను.

"ఇస్తగని, ముసలి కన్ను పనికొస్తదా బిడ్డా?"



నిలవ నీళ్లలో బతికే అమీబా కావచ్చని డాక్టరమ్మ మళ్లీ గీకి పంపింది. ఈసారి దేనికోసం వెతకాలో నాకు తెలుసు. రెండు గోడల గుండ్రటి గూళ్లు, వాటిలో ముడుచుకున్న అమీబాలు కనబడ్డాయి. మొదటిసారి చూసిన పాత స్లైడు తీసి చూస్తే అందులోనూ రెండున్నాయి. అప్పుడు చచ్చిన కణాలనుకుని వదిలేశాను.  డాక్టరమ్మకు చెప్పాను. ముత్యానికి చెప్పలేదు.

గంటకోసారి చుక్కలు వేయాలి, మొదట్లో రాత్రీ పగలూ తేడా లేకుండా. మంచం పక్కన నేల మీద కూర్చుని కనకవ్వే వేసింది. ఆ తర్వాత నెలల తరబడి మందు సాగింది. చివరికి మచ్చ మిగిలినా, మనిషి ముఖం పోల్చుకునేంత చూపు దక్కింది.

ఆఖరి పరీక్షకు వచ్చిన రోజు కనకవ్వ నా గదిలోకి వచ్చింది.

"ఇప్పుడు నలకని వచ్చినోళ్లను దవాఖానకే తోలుతున్న. గా పురుగును జర నాకు చూపియ్యి."

పాత స్లైడే పెట్టాను. ఎందుకో దాచబుద్ధి కాలేదు. చాలాసేపు చూసింది.

"గింత సాఫ్‌గ కనవడుతున్నయి. మరి ముందుగాల నీకెందుకు కానరాలే?"

"కానొచ్చినయి అవ్వా. నేనే పోల్చలే."

"ముత్యానికి చెప్పినవా?"

"చెప్పలే."

ఆమె తిట్టలేదు. "బయట బెంచీ మీద ఉన్నడు," అన్నది.

నన్ను చూసి ముత్యం లేచి దండం పెట్టాడు. ఆ దండం చూస్తే సిగ్గుతో చచ్చిపోయాను.

"అన్నా, నీకొక మాట చెప్పాలె," అన్నాను.

కనకవ్వ వచ్చి నా పక్కన నిలబడింది.