ఆకుల దుప్పటి

దయ్యాలన్నా శకునాలన్నా మొదటినుంచీ నాకు చిరాకే. ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. అందులో పదకొండేళ్లు టేకులపల్లి అవతలి అడవి ఊళ్లలోనే గడిచాయి. ఏ చెట్టు మీదా ఏదీ నాకు కనబడలేదు, ఏ వాగులోనూ ఎవరూ నన్ను పిలవలేదు. తిన్నది అరగకపోతే కలలు వస్తాయని పిల్లలకు పాఠంగా చెప్పేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం గురించి కాదు, మా అక్క గురించి.

మా అక్క పేరు అనసూయ. నాకంటే ఏడేళ్లు పెద్ద. నా మూడో ఏట అమ్మ పోతే నన్ను చంకనేసుకుని పెంచింది ఆమే. నన్ను చూసుకోవడానికి తను బడి మానేసింది. పెద్దయ్యాక సారపాకలో ఇచ్చి పెళ్లి చేశారు. బావ కాగితం మిల్లుకు వచ్చే లారీల మీంచి వెదురు దించే కాంట్రాక్టు కూలీ. వాళ్లకు పిల్లలు కలగలేదు.

ఎనభైల మొదట్లో, ఒక వానాకాలం పొద్దున, అక్క లేస్తూనే వాళ్ల అత్తకు ఒక కల చెప్పింది. చిన్న మరిది పొయ్యి దగ్గర నిలబడి, "వదినా, నా అంగీ ఆరిందా?" అని అడుగుతున్నాడట. ఒళ్లంతా తడి. తుడుచుకోమని తువ్వాలు ఇస్తే అందుకోవడానికి చేతులు లేవడం లేదట. నాలుగు రోజులు పిల్లగాణ్ణి గోదావరి దిక్కు పోనియ్యొద్దని అక్క అత్తను బతిమాలింది. ఆ పిల్లవాడికి ఇరవై ఏళ్లు, గజ ఈతగాడు. విని నవ్వాడు. మూడో రోజు స్నేహితులతో స్నానానికి దిగి సుడిలో పోయాడు.

శవం ఇంటికి చేరకముందే వాళ్ల అత్త వాకిట్లో కూలబడి మొదలుపెట్టింది. "దీని నోట్లె మన్నువడ! అన్నది, అన్నట్టే నా కొడుకును మింగింది." కర్మకాండ అయిన మర్నాడు బావే అక్కను తీసుకొచ్చి మా గడపలో దించి, మంచినీళ్లు కూడా తాగకుండా తిరుగు బస్సుకు వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నేను అక్కకు ధైర్యం చెప్పాను. వానాకాలం, పోటెత్తిన ఏరు, రోజూ ఈతకు పోయే కుర్రవాడు. ఇంట్లో ఆడవాళ్లకు లోపల భయం ఉంటుంది, ఆ భయమే కలయింది, అంతే అన్నాను. అక్క శ్రద్ధగా విని, "గట్లనే గావచ్చు తమ్మీ" అంది. నమ్మినట్టే కనిపించింది.

అప్పుడు మేముండేది బడి పక్కనే ఉన్న రెండు గదుల పెంకుటింట్లో. నా భార్య సరళ మధిర వైపు పిల్ల, నెమ్మదైన మనిషి. మా అమ్మాయి పద్మకు నాలుగేళ్లు. అక్క వచ్చాక ఇంటికి కళ వచ్చింది. పద్మ ఆమె కొంగు వదిలేది కాదు. అడవి నుంచి ఆడవాళ్లు ఇప్పపువ్వు తెచ్చినా పుట్టగొడుగులు తెచ్చినా ముందు మా ఇంటికే వచ్చి అక్క దగ్గర కాసేపు కూర్చుని పోయేవాళ్లు.

ఏడాది గడిచాక ఒక పొద్దున బోరింగు దగ్గర అక్క నోరు జారింది. ఊళ్లోని ముత్తయ్య తాత చాప చుట్టుకుని చంకలో పెట్టుకుని, తలుపు తియ్యమ్మా పోవాలె అన్నట్టు కల వచ్చిందని ఇద్దరు ఆడవాళ్లతో అంది. ముత్తయ్య తాత అప్పుడు రాయిలా ఉన్నాడు. రెండు రోజుల తర్వాత పొలంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. డెబ్బై దాటిన మనిషి, పోవడంలో వింతేముందని నేను ఊరంతా తిరిగి చెప్పాను. ఊరు నా లెక్క వినలేదు.

ఆ తర్వాత ఒకడు తప్పిపోయిన ఎద్దు సంగతి అక్కను అడగడానికి వచ్చాడు. కొందరు మా ఇంటి ముందు నుంచి పోతూ ఉమ్మెయ్యడం మొదలుపెట్టారు. అక్క చేతిది పిల్లలు తీసుకోవడం మానేశారు. పుట్టగొడుగులు తెచ్చే ఆడవాళ్లు బడి వెనకనుంచి పోసాగారు. అక్క వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

ఒక సాయంత్రం పద్మ ఏడుస్తూ వచ్చింది. ఆటలోకి రానివ్వలేదట. "నాయినా, అత్త మనుషుల్ని మింగుతదంట గదా?" అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది. ఆ కోపం ఊరి మీద చూపించలేక అక్క మీద చూపించాను. సరళకు అప్పటికి ఆరో నెల. పద్మను లాక్కొచ్చి అక్క ముందు నిలబెట్టాను. "ఇగ ఈ ఇంట్ల కల మాట ఎత్తనని దీని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అన్నాను.

సరళ అడ్డం వచ్చింది. "పసిదాని మీద ఒట్లేందండీ? వదిన ఏం జేసింది పాపం?" అంది. నేను వినలేదు.

అక్క పద్మ తల మీద చెయ్యి పెట్టి, "చెప్ప తమ్మీ. ఏది వచ్చినా చెప్ప" అంది.

ఒట్లను నమ్మనివాణ్ణి ఆ ఒట్టు ఎందుకు వేయించానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె నమ్ముతుందని తెలిసే వేయించాను.

ఏప్రిల్ వచ్చింది. సరళను కాన్పుకు పుట్టింటికి నెలాఖరున పంపాలని మా ఆలోచన. ఒకరోజు ఒంటిపూట బడి అయిపోయి ఇంటికి వస్తే నా ఇల్లు నాకే కొత్తగా కనిపించింది. వాకిట్లో వేపచెట్టు మొండిగా, స్తంభంలా నిలబడి ఉంది. నిండా చిగురేసిన చెట్టు. మా ఇంటికి ఉన్న ఒక్క నీడ. కొమ్మలన్నీ కింద కుప్ప పడి ఉన్నాయి. పక్కింటి జోగయ్యను పిలిచి అక్కే కొట్టించిందట.

"ఎండాకాలంల ఎవరన్నా నీడ కొట్టేస్తరా? నీకు పిచ్చి పట్టిందా?" అని అరిచాను.

"పిల్ల ఆడుకుంటది గదా. కొమ్మ ఇరిగి మీద పడ్తదేమోనని" అంది, నా మొఖం చూడకుండా.

ఆ రోజు నుంచి ఇంకో పాట మొదలుపెట్టింది. సరళను జల్దీ పంపాలి, నెలాఖరు దాకా ఆగొద్దు, రేపే పంపితే మంచిది. నేను ఎంత వాదించినా వినలేదు. అన్నం పెడుతూ అదే మాట, నీళ్లు తోడుతూ అదే మాట. సరళ చిన్నబుచ్చుకుంది. "వదినకు నేను బరువయ్యానేమో" అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది. నాకూ అలాగే తోచింది. తనకు లేని కడుపు ఎదురుగా కనబడుతుంటే ఓర్చుకోలేకపోతోందనుకున్నాను. నన్ను పెంచిన మనిషి గురించి అలా అనుకున్నాను. చివరికి విసిగిపోయి మా మామగారికి ఉత్తరం రాశాను. ఆయన వారంలోపే వచ్చారు.

ప్రయాణం రోజు పొద్దున అక్క చాలా సంతోషంగా ఉంది. ఎన్నో రోజుల తర్వాత తల దువ్వుకుంది. పులిహోర కలిపి కట్టింది. సరళకు జడ వేసి, బుగ్గలు పుణికి, "పండంటి బిడ్డను ఎత్తుకొని రా" అంది. అక్క నవ్వగా చూడటం అదే ఆఖరు.

బస్సు ఆగే చోటు మా ఊరికి మూడు మైళ్లు. బండి కట్టించుకుని వెళ్లాం. రోడ్డు పక్కన పెద్ద నేరేడు చెట్టు, దాని కింద రాళ్లు. ఎవరొచ్చినా అక్కడే కూర్చుంటారు. సరళ కూర్చుంది. పద్మకు దాహమంటే మామగారు అవతలి బోరింగు దగ్గరికి తీసుకెళ్లారు. బస్సు ఆలస్యమైందని నేను రోడ్డు మీదికి వెళ్లి మలుపు వైపు చూస్తున్నాను.

గాలి లేదు. నేను రోడ్డు మీద ఉన్నాను కాబట్టి నాకు బాగా గుర్తు, దుమ్ము కూడా లేవడం లేదు. వెనకాల తుపాకీ పేలినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే చెట్టు కింద సరళ లేదు. నేల మీద పచ్చటి ఆకుల కుప్ప ఉంది. మనిషి నడుమంత లావున్న కొమ్మ, బతికున్న పచ్చి కొమ్మ. బండివాడూ నేనూ మామగారూ కలిసి ఎత్తినా లేవలేదు. ఇంకో నలుగురు వచ్చాక లేచింది. అప్పటికే సరళ లేదు. కడుపులో బిడ్డ కూడా.

ఆ కొమ్మ లోపల పురుగు తొలిచి డొల్లగా ఉందని తర్వాత ఫారెస్టు గార్డు చూపించాడు. అది నాకు అర్థమైంది.

మూడో రోజు అక్క వంటింటి మూల నుంచి లేవలేదు. నేను దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. తనే చెప్పింది. సరళ ఆకుల దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు కల వచ్చిందట. పొద్దెక్కింది లేవమ్మా అని దుప్పటి లాగితే బరువుకు రాలేదట. రెండుసార్లు అదే కల.

"ఇంటి ముంగటి చెట్టే అనుకున్న తమ్మీ. గందుకే కొట్టిచ్చిన. ఇక్కడుండొద్దనే జల్దీ పంపియ్యమన్న. గాడ చెట్టున్నదని నాకు తెల్వదు."

"మరి నాకెందుకు చెప్పలే?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చినవు గదా" అంది.

నేను లేచి బయటికి వచ్చాను. జరిగిపోయాక మనసు అల్లుకున్న కథ అనుకోవాలని చూశాను. అలా అనుకోనివ్వనిది జోగయ్య. నేను అడగకుండానే ఒకరోజు వచ్చి చెప్పాడు. "సారు, చెట్టు కొట్టిన రోజు ఆమె కింద నిలవడి ఏడ్చింది. దీని కింద ఎవరో పండుకున్నరు, లేపలేకపోయిన అన్నది. ఎవరమ్మా అంటే చెప్పలే. ఒక్క కొమ్మ గూడ ఉంచొద్దన్నది. తల తిరిగిందేమో అనుకున్న."

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అక్క నాకు చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. నవ్వి, అదే రోజు, అదే చెట్టు కింద సరళను కూర్చోబెట్టేవాణ్ణి. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఊరటనివ్వలేదు.

మామగారు పద్మను తీసుకెళ్లిపోయారు. "ఆమె ఉన్న కొంపకు నా మనవరాలిని పంపను" అన్నారు. ఆరు నెలలు చూశాను. పద్మ లేకుండా ఉండలేకపోయాను. అక్కను వెళ్లిపొమ్మని నా నోటితోనే చెప్పాను. ఆమె తప్పేమీ లేదని తెలిసీ చెప్పాను. ఎందుకని అడగలేదు. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. కొత్తగూడెంలో గని కార్మికులు భోంచేసే ఒక మెస్సులో వంటమనిషిగా కుదిరింది. పద్మ నా దగ్గరికి వచ్చింది.

తర్వాత ఎనిమిదేళ్లలో నేను అక్కను చూడటానికి వెళ్లింది రెండుసార్లు. రెండోసారి వెళ్లినప్పుడు, ఇంకా కలలు వస్తున్నాయా అని అడిగాను.

"వస్తయి. లేవంగనే మొఖం కడుక్కుంట. ఎవరికీ చెప్ప."

"నా గురించి ఏమన్నా వచ్చిందా? పద్మ గురించి?"

అక్క గరిటె పక్కన పెట్టి నన్ను చూసింది. "మీకేంగాదు. అన్నం తిని పో" అంది. అది కల చూసి చెప్పిందో, నా మొఖం చూసి చెప్పిందో నాకు తెలియదు.

ఖమ్మంలో ఒక డాక్టరుగారికి ఇదంతా చెప్పాను. ఆమెకు నిజం కాని కలలు ఎన్ని వచ్చి ఉంటాయో మీరు లెక్కపెట్టారా అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను లెక్కపెట్టలేదు, అసలు చెప్పనివ్వలేదు. కానీ ముప్పు చెట్టు నుంచే వస్తుందని ముందే తెలిసినట్టు ఆ వేపచెట్టును ఎలా కొట్టించిందో ఆయన కూడా చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేను. ఇన్నేళ్లయినా ఇది నాకు అంతుపట్టలేదు.

తొంభైలలో, ఒక మధ్యాహ్నం, మెస్సు నుంచి ఒకాయన బస్సు దిగి బడికి వచ్చాడు. అక్కకు మూడు రోజులుగా జ్వరమట, దవాఖానాకు తీసుకుపోయేలోగానే పోయిందట. పిల్లలకు ఎక్కాలు చెబుతున్నవాణ్ణి అలాగే నిలబడిపోయాను. ముందు రోజు రాత్రి నేను బాగా నిద్రపోయాను. కలలేవీ రాలేదు.