రెండు గడియారాల బస్టాండు

నది మీద వంతెనకు ఇవతల ఒక టైము, అవతల ఒక టైము. అవతలి దేశం గడియారం మన గడియారానికి గంట వెనక నడుస్తుంది. ఇవతలి బస్టాండులో ఆ సంగతే తల నెరిసేదాకా మైకులో చెప్పిన మనిషిని ఊరంతా మైకక్క అనేది. ఇంట్లోవాళ్ళు కూడా అప్పుడప్పుడు నోరుజారి అలాగే పిలిచేవాళ్ళు.

టికెట్ల కౌంటరు పక్కనే ఆమె గది. ఒక బల్ల, మైకు, రంగు వెలిసిన తెర, గోడకు రెండు గడియారాలు. ఒకదాని కింద ‘మనది’, ఇంకోదాని కింద ‘వాళ్ళది’ అని తనే రంగుతో రాసుకుంది. బస్సు ఏ గట్టున బయలుదేరితే ఆ గట్టు టైమే లెక్క. అయినా రోజూ ఎవరో ఒకరు తికమకపడేవారు.

ఒక సాయంత్రం, అవతలి గట్టు నుంచి పడవ ఇంజన్లు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్కు ఒకతను నూనె చేతులతో కిటికీ మీద పడ్డాడు.

“ఆరింటి బస్సన్నారు. నా వాచీలో ఇంకా ఆరు కానేలేదు. బస్సేదండీ?”

“మీ వాచీ మీ ఊళ్ళోనే ఉండిపోయినట్టుంది. మీరొక్కరే వచ్చారు.”

“ఇప్పుడు నన్నేం చేయమంటారు?”

“ముల్లు ముందుకు తిప్పుకోండి. అదీ నేనే తిప్పాలా?”

మైకు ఆపడం మరిచిపోయింది. బస్టాండు మొత్తం ఘొల్లుమంది. అతను సిగ్గుపడి, తనూ నవ్వేశాడు. వారం తిరక్కుండా మళ్ళీ అతనికే బస్సు తప్పింది. మూడోసారి తప్పేసరికి ఆమెకు కోపం రావడం మానేసింది. ఏడాదిలో పెళ్ళయింది.

కాపురం ఇవతలి గట్టునే. కానీ అతను పోయేదాకా వాచీ ముల్లు తిప్పలేదు. అన్నానికి రమ్మంటే “మా టైముకి ఇంకా ఆకలేయలేదోయ్” అనేవాడు. ఎక్కడికి బయలుదేరినా “మా ఊళ్ళో ఇంకా బోలెడు టైముంది” అంటూ తీరిగ్గా చొక్కా గుండీలు పెట్టుకునేవాడు. ఆమె పళ్ళు నూరేది. ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఆలస్యం చేయరు. అదే ఆమెకు ఏమీ తోచనీయదు.

ఆమె రిటైరయ్యాక మైకు గదిలో కూల్‌డ్రింకుల పెట్టెలు పేర్చారు. టైములన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి.

మొన్న వేసవిలో అవతలి గట్టున ఉండే ఆడపడుచును చూడాలనిపించింది. కూతురు యాప్‌లో రానూపోనూ టికెట్లు తీసి, “తిరుగు బస్సు అయిదింటికమ్మా, జాగ్రత్త” అంది. వంతెన దాటగానే ఫోను దానంతట అదే గంట వెనక్కి వెళ్ళింది. గంట కలిసొచ్చిందని వదినామరదళ్ళు కబుర్లలో పడ్డారు. అయినా అయిదు కాకముందే బస్టాండుకు చేరారు. అక్కడ బస్సు జాడే లేదు.

కౌంటరులోని ఉద్యోగి ఆమె ఫోను చూసి తల పట్టుకున్నాడు. “మీ అయిదు ఎప్పుడో అయిపోయిందమ్మా. యాప్ మీ గట్టు టైము చూపించింది. మాకది నాలుగు. రోజూ ఇదే గోల, ఎవరికి చెప్పినా పట్టించుకోరు. ఇక రేపు పొద్దున్నే బస్సు.”

మైకక్క ఫోను తీసుకుని టికెట్టు మళ్ళీ చూసుకుంది. ఊరందరికీ రెండు టైములు చెప్పిన తనకా బస్సు తప్పింది! కూతురు ఫోన్లో “నా వల్లేనమ్మా” అని నొచ్చుకుంటోంది. “నువ్వేం చేస్తావే, నేను చూసుకోవద్దూ” అని ఈమె సర్దిచెప్పింది.

ఆడపడుచు మాత్రం పడీపడీ నవ్వుతోంది. “అన్నయ్య ఉంటే ఎంత ఏడిపించేవాడో వదినా! తనకి మొదటిసారి నిజంగానే తప్పింది. తర్వాతవన్నీ నాటకాలే. బయట టీకొట్లో కూర్చుని, బస్సు కదిలాక లోపలికొచ్చేవాడట. ఇంటికొచ్చి నాకన్నీ చెప్పేవాడు.”

“ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?”

“ఒట్టు వేయించుకున్నాడు.”

మైకక్క బెంచీ మీద కూలబడింది. కోపమో నవ్వో తేలక కళ్ళు తుడుచుకుంది. “దొంగ మనిషి! పాపం, ఇంటికెలా వెళ్తాడోనని నేనెంత బాధపడ్డానో!”

ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నది గట్టు వెంట ఇంటికి నడిచారు. అతను పని నేర్చుకున్న పడవల షెడ్డు, ఈత కొట్టిన రేవు, తన్నులు తిన్న బడి, అన్నీ ఆడపడుచు చూపించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఈ దారిన ఒక్కసారైనా నడవలేదు. ఎప్పుడొచ్చినా తిరుగు బస్సు తొందరే.

మర్నాడు ఇంటికి చేరగానే కూతురు యాప్ వాళ్ళకు ఫిర్యాదు రాస్తానంది.

“రాయి. జనం ఇబ్బంది పడుతున్నారు” అంది మైకక్క. “వచ్చే నెలకి మాత్రం నాకు వెళ్ళే టికెట్టొక్కటే తియ్యి. వచ్చేది నేను చూసుకుంటాను.”