చెంపదెబ్బ కాగితం

నా ఎడమ కనుబొమ్మ పైన రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. సాలూరు లారీ షెడ్డులో బోల్టు సరిగ్గా బిగించలేదని మా మేస్త్రి విసిరిన పానా చేసిన మచ్చ అది. రక్తం కారుతుంటే గ్రీజు గుడ్డ ముఖాన పడేసి, "తుడుసుకొని పని సూడు" అన్నాడు. తుడుచుకుని చూశాను. పదేళ్లకు నేనూ మేస్త్రినయ్యాను. నా చెయ్యి మాత్రం ఊరుకుంటుందా? మాట కంటే ముందే లేచేది. ఇంట్లోనూ అంతే. కూర చల్లారిందని, ఫోన్ ఎత్తలేదని, ఎదురు చెప్పిందని నా భార్యను కొట్టేవాణ్ణి. జుట్టు పట్టి తల గోడకేసి గుద్దిన రోజులున్నాయి. ఒకసారి గిన్నె పెట్టి కొడితే చాలా రోజులు ఆమె మోచెయ్యి వంగలేదు. ఆ రోజు గుమ్మంలో ఆమె తమ్ముడు నిలబడి ఉన్నాడు. పాతికేళ్లవాడు. నోరు మెదపలేదు. నా షెడ్డులోనే పని నేర్చుకుంటున్నాడు మరి.

ఆ బామ్మర్దినే వెంటబెట్టుకుని పోలండ్ వెళ్లాను. అక్కడ లారీల గరాజులో ఇద్దరికీ పని దొరికింది. వాళ్ల పద్ధతులు చూస్తే నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలపాలి. ఎవరి జాగా వాళ్లే ఊడ్చుకోవాలి, మేనేజరుతో సహా. తప్పు చేసినవాడి మీద ఎవరూ అరవరు. కాగితం తెచ్చి ఏం జరిగిందో రాస్తారు, అంతే. కాగితానికి ఎవడు భయపడతాడని నవ్వుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం బామ్మర్ది జాకీతో లారీ ఎత్తి, ఇరుసు కింద ఇనుప స్టాండు పెట్టకుండానే దూరాడు. జాకీ జారితే మనిషి మిగలడు. పరుగున వెళ్లాను. కాళ్లు పట్టుకుని బయటికి ఈడ్చి చెంప పగలగొట్టాను. "సచ్చిపోదువురా ఎదవా!" అని రెండోది కూడా వేశాను. పెదవి చిట్లి గచ్చు మీద రక్తం పడింది.

చుట్టూ మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. సాలూరులో అయితే ఎవరి పని వాళ్లు చేసుకునేవారు. వీళ్లు పానాలు కింద పెట్టి మా వైపు నడిచి వచ్చారు. ఇద్దరు నాకూ వాడికీ మధ్య నిలబడ్డారు. నా బామ్మర్దిని నేను కొడితే వీళ్లెవరు? వాళ్లనీ కొడదామని పిడికిలి బిగించాను కూడా.

మమ్మల్ని వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టారు. ముందు వాణ్ణి అడుగుతామన్నారు. "ఇది మా ఇంటి సంగతి" అని వాడొక్క మాట అంటే నా ఉద్యోగం నిలుస్తుంది. అంటాడనే ధీమాగా ఉన్నాను. వాడికి పని నేర్పింది నేను, ఇప్పుడు ప్రాణం కాపాడిందీ నేనే. గంట తర్వాత మేనేజరు కాగితంతో వచ్చి, అందులో ఉన్నది ఫోన్‌కు చదివి వినిపించాడు. ఫోన్ దాన్ని తెలుగులో పలికింది. స్టాండు పెట్టకపోవడం తన తప్పేనని వాడు ముందే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ప్రశ్న: ఇతను ఇంతకు ముందు కొట్టాడా?

"నన్ను చాలాసార్లు. మా అక్కను అంతకంటే ఎక్కువ."

దీనికి మీరేమంటారని మేనేజరు అడిగాడు. ఆ కాగితం లాక్కుని ఉండ చుట్టి గోడకేసి కొట్టాను. సిగ్గుతో కాదు. వాణ్ణి చంపేయాలన్నంత కోపంతో.

వారం తిరక్కుండా నన్ను ఇంటికి పంపేశారు. వాడు అక్కడే ఉండిపోయాడు.

సాలూరులో ఇంటికొచ్చి కంచం ముందు కూర్చోగానే మొదలుపెట్టాను. "నీ తమ్ముడు నా కడుపు మీద కొట్టినాడే!"

అన్నం వడ్డిస్తున్న నా భార్య గరిటె ఆపింది. "ఏటి సేసినాడు?"

కాగితంలో ఉన్నది చెప్పాను. ఆమె గరిటె కింద పెట్టింది.

"ఆడిని అడిగినోల్లున్నారు, సెప్పినాడు. ఇన్నాల్లూ నన్నెవులడిగినారు?"

నా చెయ్యి లేచింది. ఎప్పుడూ మోచెయ్యి అడ్డం పెట్టుకునే మనిషి, ఈసారి తల కూడా తిప్పుకోలేదు.

"కొట్టు. ఇప్పుడు ఆడు రోజూ ఫోన్ సేస్తన్నాడు, బావ కొట్టినాడా అని ఇకమీద అడుగుతాడు. నానూ సెప్తాను."

ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కంచంలో పెట్టాను.