అట్ట మార్చిన మెటీరియల్

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఇంటికొచ్చి, భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకటే సణుగుడు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి కెర్నెల్‌లోంచి ఏదో పాత ఫంక్షన్‌ని ఎవరో తీసేశారట, దాని గురించి డాక్యుమెంటేషన్‌లో మిగిలిపోయిన వాక్యాలన్నీ వెతికి తీసేసే పని దీని నెత్తిన పడిందట. ఇవన్నీ ఎవరు చదువుతారు పిన్నీ, అంది. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ గ్లాసు ఠక్కున పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఎందుకో పాపం దానికి అర్థం కాలేదు. ఎవరు చదువుతారో నాకు తెలుసు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఊళ్ళకి ఊళ్ళు అమీర్‌పేటలో బస్సు దిగుతున్న రోజులవి. మీలో ఆ మెట్లెక్కినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, కింద టిఫిన్ సెంటర్ పొగ, గోడ కనపడకుండా బోర్డులు, వద్దన్నా చేతిలో పెట్టే కరపత్రాలు, తలుపు బయట ఒకరి చెప్పుల మీద ఒకరి చెప్పులు. మా బావగారు, అంటే మావారి అన్నగారు, అక్కడ మూడో అంతస్తులో ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. పొద్దుటి బ్యాచ్‌కి నేనూ, సాయంత్రం బ్యాచ్‌కి ఆయనా కెర్నెల్ పాఠాలు చెప్పేవాళ్ళం. మాకు పేరు తెచ్చింది మాత్రం పాఠాలు కాదు, పచ్చ అట్టతో స్పైరల్ బైండింగ్ వేసిన మెటీరియల్. మా దగ్గర చేరనివాళ్ళు కూడా సందు చివర జిరాక్స్ షాపులో దాన్ని కొనుక్కుపోయి, ఉన్నది ఉన్నట్టు బట్టీ కొట్టి ఇంటర్వ్యూల్లో అప్పజెప్పేవాళ్ళు.

అందులో ఒక ఫంక్షన్ మీద అధ్యాయమంతా ఉండేది. దాన్ని పిలిస్తే చాలు, కీబోర్డు, డిస్కు, నెట్‌వర్కు మధ్యలో వచ్చి పెట్టే కేకలన్నీ మిషన్ మొత్తం మీద ఆగిపోయేవి. ఇంట్లో మా బావగారు దగ్గితే అందరం నోరు మూసుకున్నట్టే అనుకోండి. ఒకే ప్రాసెసర్ ఉన్నన్నాళ్ళూ సాగింది గానీ, ఎక్కువ ప్రాసెసర్ల మిషన్లు వచ్చాక అందరినీ ఒకేసారి ఆపడం కుదరదని, ఎవరి డేటాకి వాళ్ళే తాళం వేసుకోవాలని, కెర్నెల్ రాసేవాళ్ళు కొత్త వెర్షన్‌లో దాన్ని పీకేశారు. నేను ఆ అధ్యాయం కొత్తగా రాసి, టైపు చేయించి, బావగారి టేబుల్ మీద పెట్టాను. ఆయన తిరగేసి కూడా చూడలేదు. అటక నిండా పాత కాపీలున్నాయి, ముందు అవి అయిపోనీ అన్నారు; మధ్యలో మారిస్తే ఇన్నాళ్ళూ తప్పు చెప్పామనుకోరా అని కూడా అన్నారు. నా బ్యాచ్‌కి నేను నోటితో చెప్పుకున్నాను. ఆయన బ్యాచ్‌కి ఎవరు చెబుతారు?

శ్రీనగర్ కాలనీలో మా కింద వాటాలో ఉండే టైలర్ గారి కూతురు ఆ సాయంత్రం బ్యాచ్‌లోనే ఉండేది. ఊళ్ళో మగ్గం సాగక నగరానికి వచ్చిన కుటుంబం. ఆ పిల్ల పగలంతా తండ్రి పక్కన కూర్చుని, జాకెట్లకు హుక్కులు కుడుతూ, పక్కనే మెటీరియల్ తెరిచి పెట్టుకుని పెదాలు కదుపుతూ ఉండేది. దసరాలోపు ఉద్యోగం వస్తే సరి, లేకపోతే కుట్టుమిషన్ మీద కూర్చోవాల్సిందేనని తండ్రి చెప్పేశాడు. అది బెదిరింపు కాదు, దుకాణంలో రెండో మిషన్ ఖాళీగా ఉంది, కుట్టేవాళ్ళు లేరు.

పంజాగుట్టలో ఒక కంపెనీ పిలిచింది. రాతపరీక్ష దాటింది. ఇంటర్వ్యూలో ఏదో ప్రశ్నకి ఆ ఫంక్షన్ వాడతానందట. అదిప్పుడు లేదు కదమ్మా అని వాళ్ళంటే, ఉంది సార్ అని సంచిలోంచి మా మెటీరియల్ తీసి, పేజీ తెరిచి మరీ చూపించిందట. ఆ నమ్మకం చూడండి. వాళ్ళు అట్ట మీద మా ఇన్‌స్టిట్యూట్ పేరు చదివి నవ్వుకున్నారట.

అక్కణ్ణుంచి తిన్నగా ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చింది. ఏడవలేదు. బావగారి ముందు ఆ పేజీ పెట్టి, "సార్, గిది లేనే లేదంటున్నరు. మరి మీరెందుకు చెప్పిన్రు?" అంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కొత్తగా చేరడానికొచ్చిన పిల్లలందరి ముందూ, నువ్వే సరిగ్గా చదివి ఉండవమ్మా, కావాలంటే మేడమ్‌ని అడుగు అన్నారు. మేడమ్ అంటే నేను. ఇంటి కోడలిని కదా, తలూపుతాననుకున్నారు. నేను ఆయన టేబుల్ సొరుగు లాగి, అడుగున పడి ఉన్న నా అధ్యాయం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. తప్పు పుస్తకానిది, నీది కాదు అని అందరికీ వినపడేలా చెప్పి, చెప్పులేసుకుని మెట్లు దిగిపోయాను. మళ్ళీ ఎక్కలేదు. నాకూ బావగారికీ మధ్య మావారు చాలాకాలం నలిగిపోయారు.

దాంతో ఏమైనా ఒరిగిందా? ఆ కంపెనీ మళ్ళీ పిలవలేదు, దసరా రానే వచ్చింది, ఆ పిల్ల మిషన్ మీద కూర్చుంది. మరుసటి ఏడు జిరాక్స్ షాపులో కొత్త ఎడిషన్ అని వేలాడుతుంటే ఆశగా తిరగేశాను. పచ్చ అట్ట పోయి నీలం అట్ట వచ్చింది. లోపల అదే అధ్యాయం.

ఇప్పుడా మేడ లేదు, మెట్రో స్తంభాల నీడలో ఆ సందు ఎక్కడో కూడా పోల్చుకోలేను. పాఠాలు ఫోన్లోకి వచ్చేశాయి, తప్పు దొరికితే కూర్చున్నచోటే దిద్దేయొచ్చు, అడ్డు చెప్పడానికి అటక మీద కాపీలూ లేవు. దిద్దేవాళ్ళకి మాత్రం విసుగు. ఆ టైలర్ గారి పిల్లకీ జుట్టు నెరుస్తోంది, ఎర్రగడ్డలో సొంత షాపు పెట్టుకుంది, నా జాకెట్లన్నీ తన దగ్గరే. పోయిన నెల కొలతలు తీసుకుంటూ, ఎప్పుడూ అడిగినట్టే నవ్వుతూ అడిగింది: "అక్కా, గా పుస్తకం ఇప్పుడన్న మార్చిన్రా?"

మార్చకుండానే ఇన్‌స్టిట్యూట్ మూసేశారని చెప్పాను. తను ఇంకా నవ్వింది. టేపు నా భుజాల మీద ఉంది కనక కదలకుండా నిలబడ్డాను గానీ, నాకు నవ్వు రాలేదు.